కిసుములో మమ్మల్ని దాటించిన డ్రైవర్ అన్నకు

అన్నా, ఆ రోజు మీ పేరు అడిగే వ్యవధి కూడా లేకపోయింది. 2007 డిసెంబర్ 30న అధ్యక్ష ఎన్నికల్లో కిబాకీ గెలిచారని ప్రకటించగానే కెన్యా భగ్గుమంది. కిసుము నగరంలో ఎక్కువమంది లువో తెగవాళ్లు, కిబాకీ మీద పోటీ చేసిన ఒడింగాను నమ్ముకున్నవాళ్లు. కిబాకీ తెగవాళ్లైన కికుయుల ఇళ్లు తగలబెట్టారు, మన భారతీయుల షాపులూ దోచుకున్నారు. రోడ్లకు అడ్డంగా టైర్లు కాల్చి, గుర్తింపు కార్డులు అడిగేవారు. అక్కడ పేరు చూస్తే చాలు, తెగ తెలిసిపోతుంది.

మీరు లువో. నాతో ఉన్నది మా ఆఫీసు అకౌంటెంట్, కికుయు ఆవిడ, ఆవిడ ఇద్దరు పిల్లలు. వాళ్లను మీరు జనాన్ని ఎక్కించుకుని తిప్పే మటాటు వ్యాన్‌లో సీట్ల కింద పడుకోబెట్టారు. ఆపిన ప్రతిచోటా మీరే దిగి, మీ భాషలో నచ్చజెప్పి, పోలీస్ స్టేషన్ దాకా చేర్చారు. డబ్బులిస్తే తీసుకోలేదు. దొరికిపోయి ఉంటే ద్రోహి అని ముందు మిమ్మల్నే కొట్టేవారు.

ఆ గొడవల్లో 1,100 మందికి పైగా చనిపోయారు. పోలీసు తూటాలకు పోయిన లువో కుర్రాళ్లూ అందులో ఉన్నారు. ఓట్ల లెక్కింపు మీద మీవాళ్ల కోపంలో న్యాయం ఉందని ఇప్పటికీ నమ్ముతాను. ఆ కోపం మీకూ ఉండే ఉంటుంది, కానీ పక్కింటివాళ్ల మీద చూపలేదు.

ఆ పిల్లలిద్దరూ ఇప్పుడు నకురులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాళ్లమ్మ తరఫునా, నా తరఫునా మీకు చేతులెత్తి నమస్కారాలు.