రాత్రి మూడింటికి ఎవరుంటారని అడిగినవారికి కృతజ్ఞతలు

ఫ్లూ మహమ్మారి వస్తే మా ఐసీయూ ఎలా నడవాలో ప్లాన్ రాసే పని నాకు అప్పగించారు. రాశాక, తప్పులుంటే చెప్పమని తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ పంపాను. ‘బాగుంది’ అని ఊరుకుంటారనుకున్నా. పేజీల కొద్దీ దిద్దుబాట్లు వచ్చాయి. పేర్లు వద్దన్నారు కాబట్టి, చేసిన సాయంతోనే తలచుకుంటాను.

ముందు సీనియర్ సిస్టర్ గారికి. నా మొదటి పేజీ అంతా పడకల లెక్కే. ఇప్పుడున్నవి 12, ఆపరేషన్ థియేటర్ పక్కన రికవరీ గది కలుపుకుంటే 24. ఆవిడ పక్కన ఒక్క ముక్క రాశారు: “24 సరే సార్, రాత్రి మూడింటికి వాటి దగ్గర ఎవరుంటారు?” నా దగ్గర జవాబు లేదు. ఫ్లూ మనల్నీ వదలదు, మన ఇళ్లలో పిల్లల్నీ వదలదు. రోగులు పెరిగిన వారంలోనే డ్యూటీకి వచ్చేవాళ్లు తగ్గిపోతారు. దారి కూడా ఆవిడే చూపించారు. వార్డు సిస్టర్లను ఐసీయూ సిస్టర్‌కు జత చేసి, సక్షన్ (గొంతులో కఫం లాగడం), మందుల పంపులు, అలారాలు ఇప్పుడే నేర్పించాలి. కేసులు మొదలయ్యాక నేర్పే తీరిక ఎవరికీ ఉండదు.

అదే మాట ఒక పెద్ద మత్తు డాక్టరు గారు ఇంకోలా చెప్పారు. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విరుచుకుపడినప్పుడు, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు గొంతులో గొట్టం వేసి చేత్తో బ్యాగు నొక్కి ఊపిరి అందించే పద్ధతి పెట్టారు. సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా ఆ బ్యాగులు నొక్కారు. ఐసీయూ అనే ఆలోచన పుట్టింది అక్కడే. “వెంటిలేటర్ల లిస్టు తర్వాత, ముందు మనుషుల లిస్టు రాయవయ్యా” అన్నారు. రాశాను సార్.

టేపు సంగతి చెప్పిన డాక్టరు గారికి ప్రత్యేకంగా దణ్ణం. 2009 హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ)లో ఐసీయూకి వచ్చినవారిలో స్థూలకాయులు, గర్భిణులు, నడివయసు దాటనివాళ్లు చాలామంది. వెంటిలేటర్‌లో ఒక్కో శ్వాసకు కిలోకి 6 మి.లీ. గాలి పెట్టాలని అందరికీ తెలుసు. ఆ కిలోలు తూకంలో వచ్చేవి కావు, ఎత్తును బట్టి లెక్కగట్టేవి. 165 సెం.మీ. మగవాడికి అది సుమారు 61 కిలోలు, అంటే దాదాపు 370 మి.లీ. అతను 110 కిలోలున్నాడని తూకం చూసి పెడితే 660 అవుతుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కొత్తవాళ్లు హడావిడిలో చేసే తప్పు సరిగ్గా ఇదే. ఇప్పుడు ప్రతి మంచానికీ ఒక కొలత టేపు, పక్కన ఎత్తుల పట్టిక వేలాడుతున్నాయి. ఇంత చవకైన సలహా నాకెవరూ ఇవ్వలేదు!

బయోమెడికల్ ఇంజినీర్ గారూ, మీరు లేకపోతే రికవరీ గదిలో పది హైఫ్లో మెషీన్లు (ముక్కులోంచి జోరుగా ఆక్సిజన్ పంపేవి) పెట్టేసేవాణ్ణి. ఒక్కోటి నిమిషానికి 60 లీటర్లదాకా ఆక్సిజన్ లాగుతుందనీ, సన్న ఆక్సిజన్ పైపు మీద అన్నీ ఒకేసారి నడిస్తే చివరి మంచం దగ్గర ప్రెషర్ పడిపోతుందనీ నాకు తట్టనే లేదు. ఫార్మసీ నుంచి రాసినవారికి కూడా థాంక్స్. టెస్టు రిపోర్టు కోసం ఆగకుండా ఒసెల్టామివిర్ (ఫ్లూ మందు) మొదలుపెట్టాలన్న వాక్యం మీదే.

ఒక విషయంలో మాత్రం మొదట వాదించాను. పడకలు చాలనప్పుడు ఎవరికివ్వాలో మంచం దగ్గరి డాక్టరు తేల్చకూడదు, వేరే ముగ్గురు సీనియర్లు తేల్చాలి అని ఒకరు రాశారు. నా రోగి గురించి నాకంటే వాళ్లకేం తెలుసు అనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తే అర్థమైంది. ఒకరికి కాదని చెప్పి, అదే చేత్తో పక్కవాళ్లకు వైద్యం చేయడం ఎంత టెన్షనో నాకు తెలియనిది కాదు. మార్చాను.

నిన్న రాత్రి మూడింటికి మాక్ డ్రిల్ చేశాం. వెంటిలేటర్ మీదున్న మనిషిని బోర్లా తిప్పడానికి ఐదుగురు కావాలనుకున్నాం. నలుగురే వచ్చారు, ఐదోవాణ్ణి నేను. సిస్టర్, మీ ప్రశ్నకు జవాబు ఇంకా పూర్తిగా దొరకలేదు. వచ్చే వారం మళ్లీ పెడుతున్నాం, మీరూ చూడటానికి రండి.