సంఘం వార్షిక నివేదిక: జంతు హింస బిల్లులపై వేటగాళ్ల అభ్యంతరాలు, మన వైఖరి

గౌరవ సభ్యులకు నమస్కారం.

కెనడాలో జంతు హింసకు సంబంధించిన చట్టాలను అధ్యయనం చేసి, సభ్యుల అభిప్రాయాన్ని ప్రజాప్రతినిధులకు చేరవేయడం మన సంఘం పెట్టుకున్న పని. ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువ సమయాన్ని ఒకే ప్రశ్నకు కేటాయించింది. క్రిమినల్ కోడ్‌లోని జంతు హింస సెక్షన్లను సమూలంగా మార్చాలని వచ్చిన బిల్లులు, వేటగాళ్లూ ఉచ్చులు పన్ని బొచ్చు జంతువులను పట్టేవారూ వ్యతిరేకించాక, చట్టాలుగా ఎందుకు మారలేకపోయాయి? వారికి జాలి లేదన్న ఒక్క మాటతో దీనికి సమాధానం దొరకదని కార్యవర్గం అభిప్రాయం.

ఈ సెక్షన్ల మూలాలు 1892 నాటి కోడ్‌లో ఉన్నాయి. నేటికీ అవి ఆస్తికి సంబంధించిన నేరాల భాగంలోనే కొనసాగుతున్నాయి. 1999లో సి-17గా మొదలై, తరువాత సి-15బి, సి-10బి అనే సంఖ్యలతో నడిచిన బిల్లు వాటిని అక్కడి నుంచి ప్రత్యేక భాగంలోకి మార్చాలని, జంతువును అతి క్రూరంగా చంపడాన్ని విడిగా నేరం చేయాలని ప్రతిపాదించింది. వేటగాళ్ల ప్రధాన అభ్యంతరం శిక్షల మీద కాదు, ఈ స్థానమార్పిడి మీద. ఆస్తి నేరాల భాగంలో ఉన్నంతకాలం 429వ సెక్షన్ ప్రకారం చట్టబద్ధమైన కారణం చూపి సమర్థించుకునే అవకాశం నిందితుడికి స్పష్టంగా ఉంటుంది. వేరే భాగానికి మారితే ఆ సెక్షన్ వర్తించదు. సాధారణ న్యాయసూత్రాల రక్షణ ఎలాగూ ఉంటుందని ప్రభుత్వం చెప్పినప్పుడు, అలాగైతే ఆ మాటను బిల్లులోనే రాయండని వారు అడిగారు. ఇది సబబైన కోరిక. అయితే బిల్లు వేటను నిషేధిస్తుందన్న ప్రచారానికి మాత్రం దాని పాఠంలో ఆధారం కనిపించదు. లైసెన్సుతో, నిబంధనల ప్రకారం సాగే వేటను నేరంగా మార్చే వాక్యం అందులో లేదు.

శరదృతువులో జరిగిన చర్చా సమావేశానికి ఉచ్చుల వాడకంలో శిక్షణ ఇచ్చే ఒక అనుభవజ్ఞుడిని ఆహ్వానించాము. 'అతి క్రూరంగా' అంటే ఏమిటో ఎవరు కొలుస్తారన్నది ఆయన వేసిన ప్రశ్న. కొలత ఉన్నచోట తమవాళ్లు అంగీకరించారని కూడా ఆయన గుర్తుచేశారు. ఆ మాట నిజమే. కాలిని పట్టే ఉక్కు ఉచ్చులు వాడే దేశాల నుంచి బొచ్చు దిగుమతిని ఆపాలని యూరప్ 1991లో నియమం తెచ్చిన తరువాత, 1997లో యూరోపియన్ యూనియన్, కెనడా, రష్యాల మధ్య మానవీయ ఉచ్చుల ప్రమాణాలపై ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం చంపే ఉచ్చును కనీసం 12 జంతువులపై పరీక్షించినప్పుడు, వాటిలో 80 శాతమైనా నిర్ణీత వ్యవధిలో స్పృహ కోల్పోవాలి. ముంగిసను పోలిన చిన్న బొచ్చు జంతువు ఎర్మిన్‌కు ఆ వ్యవధి 45 సెకన్లు, దానికంటే కాస్త పెద్దదైన మార్టెన్‌కు 120, ఒప్పందంలోని మిగిలిన జంతువులకు 300 సెకన్లు. ఉచ్చులో చిక్కిన ప్రాణికి 300 సెకన్లు చాలా ఎక్కువ. మిగతా 20 శాతం గురించి ఈ ప్రమాణం మౌనంగా ఉంది. ఈ రెండు విషయాల్లో మన సంఘం అసమ్మతి అలాగే ఉంది. అయినా, అంకెల్లో రాసిన ప్రమాణానికి తలొగ్గినవారే విశేషణంతో రాసిన నేరాన్ని తిరస్కరించారన్న సంగతిని చట్టం రాసేవారు గమనించాలి.

ఆదివాసుల అభ్యంతరం వేరు, అది మరింత బరువైనది. 1983లో యూరప్ సీల్ అనే సముద్ర జంతువు పిల్లల తోళ్ల దిగుమతిని నిషేధించినప్పుడు, ఉత్తరధ్రువ ప్రాంత ఆదివాసులైన ఇన్యూట్ ప్రజల సంప్రదాయ వేటకు మినహాయింపు ఇచ్చింది. కానీ మొత్తం సీల్ తోళ్ల మార్కెట్టే కూలడంతో, పెద్ద సీళ్లను వేటాడి బతికే ఇన్యూట్ ఊళ్ల ఆదాయం పోయింది. కాగితం మీది మినహాయింపు కడుపు నింపదని వారికి అనుభవంతో తెలుసు. 1982 రాజ్యాంగ చట్టంలోని 35వ సెక్షన్ గుర్తించిన ఆదివాసుల హక్కులకు ఈ బిల్లులో స్పష్టమైన రక్షణ కావాలని ఇన్యూట్ సెనేటర్ చార్లీ వాట్ పట్టుబట్టారు. సెనేట్ సవరణలు కోరింది, దిగువ సభ అయిన కామన్స్ అన్నిటికీ ఒప్పుకోలేదు, 2003 నవంబరులో పార్లమెంటు సమావేశాలు ముగియడంతో బిల్లు మురిగిపోయింది.

తరువాతి చరిత్ర క్లుప్తంగా ఇది. 2008లో ఎస్-203 అనే బిల్లు చట్టమై శిక్షలను పెంచి, ఉద్దేశపూర్వక హింసకు గరిష్ఠంగా 5 సంవత్సరాల జైలు విధించింది, కానీ నేరాల నిర్వచనాలను ముట్టుకోలేదు. ఎంపీ నథానియల్ ఎర్‌స్కిన్-స్మిత్ ఈ సెక్షన్లను మార్చాలని మళ్లీ తెచ్చిన సి-246 బిల్లును అంటారియో జాలర్లు, వేటగాళ్ల సమాఖ్య వంటి సంస్థలు వ్యతిరేకించాయి. 2016 అక్టోబరు 5న అది అనుకూలంగా 84, వ్యతిరేకంగా 198 ఓట్లతో ఓడిపోయింది. వేట జోలికి వెళ్లకుండా, జంతువులపై లైంగిక హింస, జంతువుల పోరాటాలకే పరిమితమైన సి-84 మాత్రం 2019లో చట్టమైంది. ఈ జాప్యపు భారాన్ని మోసినవి అడవి జంతువులు మాత్రమే కావు. ఇళ్లలో, కొట్టాల్లో నిర్లక్ష్యానికి గురైన కుక్కలు, పిల్లులు, గుర్రాలు కూడా ఇన్నేళ్లూ పాత నిర్వచనాల కిందే మిగిలిపోయాయి.

కనుక కార్యవర్గం ఒక తీర్మానాన్ని సభ్యుల ముందు ఉంచుతోంది. ఇకపై మనం ప్రజాప్రతినిధులకు పంపే ప్రతి వినతిలో, చట్టబద్ధమైన వేటకూ ఆదివాసుల హక్కులకూ ఉన్న రక్షణను బిల్లు పాఠంలోనే రాయాలని, ముసాయిదా దశలోనే వేటగాళ్లను, ఉచ్చులు పన్నేవారిని, ఆదివాసీ ప్రతినిధులను సంప్రదించాలని కోరతాము. ఉచ్చుల ప్రమాణాలలో 300 సెకన్ల గడువును తగ్గించాలన్న మన డిమాండును విడిగా కొనసాగిస్తాము. దీనికి కొందరు సభ్యులు ఒప్పుకోకపోవచ్చు. వారు తమ సవరణలను సర్వసభ్య సమావేశానికి ముందే కార్యదర్శికి రాతపూర్వకంగా అందజేస్తే, తీర్మానంతో పాటు వాటిని కూడా ఓటింగుకు పెడతాము.