సంచి దొంగ దొరికాడ్రా పుంజూ!

ఒరేయ్ పుంజూ,

నీ ఉత్తరం సంక్రాంతికి వచ్చింది, జవాబు ఈస్టర్ వెళ్ళాక రాస్తున్నా. తిట్టుకో. మిరపకోతలు, కూలీల కోసం ఊళ్ళు తిరగడం, పిల్లదాని పరీక్షలు... సాకులేలే. అమ్మ బాగుంది. మిర్చి రేటు బాగాలేదు. మీ ఇంటి రేకులు మార్పించా, నువ్వు పంపిన డబ్బు సరిపోయింది. అంతే, ఊరి కబుర్లు అయిపోయినయ్. అసలు సంగతి ఫోన్లో చెబుదామని రెండుసార్లు నొక్కి, మోగకముందే కట్ చేశా. ఫోన్లో చెప్పేది కాదు.

గుడి కోతపండుగ కానుకల సంచి దొంగ దొరికాడ్రా!

ఏ సంచి అని అడిగావో, కువైట్ వచ్చి మరీ తంతా. 1998. మీ పుంజు వేలంలో తప్పించుకుని బలిపీఠం ఎక్కిన ఏడాది. 340 రూపాయలు. లెక్కపెట్టి సంచిలో వేసింది మనిద్దరం గనక తీసిందీ మనిద్దరమే అని తేల్చేశారు. మా నాన్న చింతబరికె, మీ నాన్న ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టడం. ఆ క్రిస్మస్‌కి నీ వేషం పీకేశారు, తూర్పు నుంచి ఇద్దరు జ్ఞానులే వచ్చారు. నువ్వు తేవాల్సిన బోళం రాలేదు, గుర్తుందా!

మొన్న గుడ్ ఫ్రైడేకి, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో రెండో మాట మీద చెప్పాల్సిన మాస్టారికి గొంతు పట్టేసిందంట. పాస్టరు అయ్యగారు పొద్దున్నే వచ్చి దాన్ని నా నెత్తిన పెట్టారు. పన్నెండుకి మొదలు. మొదటి మాట సంఘపెద్దది. ‘తండ్రీ వీరిని క్షమించుము’ అన్నదాన్ని ఆయన 1842లో మిషనరీ హయ్యరు గారు గుంటూరులో దిగిన దగ్గర్నుంచి అందుకున్నాడు. హయ్యరు గారు పల్నాడు చేరేసరికి ఇరవై నిమిషాలు. తెల్లచీరలన్నీ విసనకర్రలైపోయినయ్.

తర్వాత నేను. గంటలో తయారైనా బాగానే చెప్పాన్రా, నా డబ్బా కాదు. మత్తయిలో, మార్కులో చూస్తే పక్క సిలువల మీది ఇద్దరు దొంగలూ యేసుని నిందించారనే ఉంది, లూకాలోనే ఒకడు మనసు మార్చుకున్నాడు, అంటే ముందు తిట్టిన నోరే తర్వాత ‘నన్ను జ్ఞాపకం చేసుకో’ అని ఉంటుంది అన్నా. వాడికి బాప్తిస్మం లేదు, కన్ఫర్మేషన్ లేదు, చందా పుస్తకంలో పేరు లేదు. దోచిందాంట్లో ఒక్క కాసు తిరిగిచ్చే దారి లేదు, చేతులకి మేకులు. అయినా నేడే పరదైసు అన్నాడాయన. కృపంటే ఇదీ, మనం కట్టేదేం లేదు అని బల్ల గుద్దా.

వెనకనుంచి గంట తాత లేచాడు. గంట తాడు పట్టుకునే ఉన్నాడు. ఏం, మూడయిందేమో, గంట కొట్టడానికి లేచాడేమో అనుకున్నా.

“బాబూ, ఆ దొంగ చేతులకి మేకులున్నయ్యి. నా చేతులకి లేవు గదా” అన్నాడు.

ఫ్యాన్ల చప్పుడొక్కటే. అప్పుడు చెప్పాడు. కోతపండుగ రాత్రి సంచి తనే తీశాడంట. ఇంట్లో జబ్బులా, అప్పులా, ఏదో ఒక కారణం చెబుతాడని చూశా. “అవసరమేం లేదయ్యా. సంచి అక్కడుంది, చెయ్యి ఇక్కడుంది. పంచె కొనుక్కున్నా, మిగతాది తాగా.” ఆడవాళ్ళ వరసలోంచి ఎవరో “అయ్యో పాపం” అన్నారు. ఆయన చేసిందీ పాపమే, ఆయన మీద వీళ్ళకి పుట్టిందీ పాపమే. వేరే మాట వెతుక్కునే పని లేదు మన భాషలో.

దెబ్బలు తిన్న రోజు సాయంత్రం బావి దగ్గర మనకి జీళ్ళు పెట్టి ‘ఏడవమాకండయ్యా’ అన్నాడే, అవి కూడా ఆ డబ్బేరా! మనం ఊళ్ళో ఇంత మంచోడు ఇంకోడు లేడనుకున్నాం!

నాకు ఏమనిపించిందో నీకొక్కడికే రాస్తున్నా. కృప గురించి బల్ల గుద్దిన చెయ్యే, ఇంకో రెండడుగులు దగ్గరుంటే ఆయన్ని కొట్టేది. నోట మాట రాలేదు. అయ్యగారు చూసి కీర్తన ఎత్తుకున్నారు, నేను దిగొచ్చేశా. ఆ తర్వాత మూడో మాట ఎవరు చెప్పారో, ఏం చెప్పారో, అడిగితే...

సాయంత్రం ఇంటికొచ్చాడు. జేబురుమాల్లో 1360 రూపాయలు. బైబిల్లో జక్కయ్య తిరిగిస్తానన్న లెక్క, నాలుగింతలు. అన్నీ పదులు, ఇరవైలు. “ఇది గుడిది, అయ్యగారికిస్తా. మీ ఇద్దరి దెబ్బలు ఎట్టా తిరిగిచ్చేది? అవీ నాలుగింతలు కొట్టు” అని వీపు తిప్పి అరుగు మీద కూర్చున్నాడ్రా. ఎముకల గూడు. అమ్మ లోపల్నుంచి మజ్జిగ తెచ్చి చేతికిచ్చి, ఏం మాట్లాడకుండా వెళ్ళిపోయింది. నేను ‘సరే తాతా, క్షమించాలే’ అన్నా. బయటికి అన్నా. అంతవరకే.

ఈస్టర్ ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి సమాధుల దొడ్డికి కొవ్వొత్తులు తీసుకుని పోయాం. నాన్న సమాధికి సున్నం వెయ్యలేదు ఈసారి, కోతల్లో కుదర్లేదు, సిగ్గుపడుతూ పోయా. తీరా చూస్తే తెల్లగా మెరుస్తోంది. బకెట్టు, కుంచె ఇంకా పక్కనే ఉన్నయ్. తాత అవతల చీకట్లో నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు.

నాన్నకి చివరిదాకా తెలియదు కదరా. నేను దొంగనని నమ్మే పోయాడు. అదే రాత్రి బరికె దెబ్బలకి నూనె రాసిందీ ఆయనే, అయినా నమ్మేశాడు. అయ్యగారేమో నిరీక్షణ లేనివాళ్ళలా ఏడవొద్దని చదువుతున్నారు. నిరీక్షణ అంటే బయట ఎదురుచూడ్డమే కదా, మనవాళ్ళే ఆశకి ఆ మాట వాడుకున్నారు. నేనూ నాన్న లేచే రోజు కోసమే ఎదురుచూస్తున్నా, కానీ లేవగానే మొట్టమొదట ఈ సంచి సంగతి చెప్పాలని! నవ్వకు. ఏడుస్తూనే నవ్వొచ్చింది నాకు. పరలోక ప్రార్థనలో ‘మా ఋణస్థులను మేము క్షమించి’ దగ్గర నా గొంతు ఆగిపోయింది. తాత గొంతు మాత్రం వినిపిస్తూనే ఉంది, పెద్దగా.

మీ నాన్నకి చెప్పా. మధ్యాహ్నం దాకా అరుగు దిగలేదు. తర్వాత నీ ఫోన్ నంబర్ అడిగి, మళ్ళీ వద్దులే అన్నాడు. నువ్వే చెయ్యి. సంచి మాట నువ్వు ఎత్తమాక, ఆయనే ఎత్తుతాడు.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, తాత రోజూ అడుగుతున్నాడు, “రెండో బాబు ఏమన్నాడు?” అని. నీ తరఫున నేను క్షమించలేను, నా వాటాకే దిక్కులేదు. నీ చేత్తో రెండు ముక్కలు రాసి పంపు. తిడతావో, ఏం రాస్తావో నీ ఇష్టం, నేను మార్చకుండా చదివి వినిపిస్తా. ఒక్కటి, ఆయనకి ఈమధ్య చూపు కూడా బాగా...

ఆటో వచ్చేసింది, మీ పిన్నమ్మ కొడుకు హారన్ మోగిస్తున్నాడు. గోంగూర డబ్బా మూత సరిగ్గా పట్టలేదు, నిలబెట్టే ఉంచమను. ఉంటా.