గుడ్డ బ్యాడ్జీని ఒకసారి తిప్పి చూడండి

సంపాదకులకు,

రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన తాతల ట్రంకు పెట్టెల్లోంచి బ్రిటిష్ కాలపు గుడ్డ బ్యాడ్జీలు బయటపడుతున్నాయి. మనవలు ఫోటో తీసి ‘ఇదే రెజిమెంటు?’ అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నలోనే పొరపాటుంది. భుజం మీది బొమ్మ ఎక్కువగా డివిజన్‌ది, అంటే ఎన్నో రెజిమెంట్ల వాళ్లు కలిసి ఉండే పెద్ద దళానిది, రెజిమెంటుది కాదు. నలుపు మీద ఎర్ర గద్ద 4వ ఇండియన్ డివిజన్, ఎర్ర గుండ్రం 5వది, పసుపు బాణం 7వది. పసుపు మీద నల్లపిల్లి 17వది. ఆ డివిజన్‌లో తుపాకీ పట్టినవాడూ, వంతెన కట్టినవాడూ, లారీ తోలినవాడూ అదే బొమ్మ తగిలించుకున్నారు. రెజిమెంటు తెలియాలంటే భుజం పట్టీ మీది ఇత్తడి అక్షరాలో, డిశ్చార్జి కాగితమో దొరకాలి.

బొమ్మను బట్టి కాలం కూడా తేలదు. 1965 పాకిస్తాన్ యుద్ధంలో అసల్ ఉత్తర్ దగ్గర పోరాడిన మన 4వ డివిజన్ గుర్తూ ఆ ఎర్ర గద్దే. కొన్ని బ్యాడ్జీల మీద ఉండే కిరీటంతోనూ తిప్పలే. ఎలిజబెత్ రాణికి ముందటి రాజుల కాలంలో కిరీటం కమానులు గుండ్రంగా పైకి లేచేవి, ఆమె కాలంలో నడుమ కిందికి వంగాయి. 2022లో చార్లెస్ మళ్లీ పాత తీరుకే వెళ్లాడు కాబట్టి గుండ్రటి కిరీటం కనిపించగానే పాతదని మురిసిపోకూడదు.

అందుకే వెనక్కి తిప్పాలి. యుద్ధకాలపు పొదుపులో బ్రిటన్‌లో చాలావాటిని నూలు కాన్వాసు మీద అచ్చువేశారు. ఇక్కడ తయారైనవాటిలో గొలుసుకుట్టు, వెనక వేలాడే దారపు కొసలు, కొన్నిటికి టిచ్ బటన్లు కనిపిస్తాయి. ఖాకీ చొక్కా ఉతుక్కి వేసేటప్పుడు బ్యాడ్జీ ఊడదీసుకోవడానికే ఆ బటన్లు. వేలాడే పోగు ఉంటే ఒక్కటి కత్తిరించి పట్టకారుతో పట్టి వెలిగించండి. నూలు కాగితంలా కాలుతుంది, ఉన్ని వెంట్రుకల కమురు వాసన కొడుతుంది. కరిగి గట్టి పూసలా ముద్ద కడితే పాలియెస్టర్, అంటే ఆ కాలపుది కాదు. అతినీలలోహిత టార్చి కింద తెల్లగా మెరిస్తే నకిలీ అంటారు కొందరు. ఇప్పటి సబ్బుపొడిలో ఒక్కసారి నానినా అసలుది కూడా అలాగే మెరుస్తుంది. టార్చి ఒక్కదాన్నే నమ్మొద్దు.

జంటలో రెండు పిల్లులూ ఎదురెదురుగా చూస్తుంటే ఒకటి తప్పు కుట్టు అనుకుని పారేయకండి. రెండు భుజాల మీదా జంతువు ముఖం ముందుకే ఉండాలి కాబట్టి అలా కుట్టారు.

ఎక్కువ నష్టం ఇంట్లోనే జరుగుతోంది. నీళ్లలో వేస్తే ఎర్ర రంగు దిగి పసుపులోకి పాకుతుంది. ఫ్రేము కోసం ఫెవికాల్ పూస్తే వెనకవైపు సాక్ష్యమంతా పోతుంది. చొక్కాకి కుట్టి ఉంటే అసలు విప్పొద్దు. ఉన్నికి చిమ్మట పడుతుంది కాబట్టి కలరా ఉండలు పెట్టండి, కానీ గుడ్డకు తగలకుండా వేరే సంచిలో.

సైనికుల ఊరుగా పేరుపడ్డ మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లున్న రాష్ట్రం మనది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఏటా డిసెంబరు 7న, పతాక దినోత్సవం నాడు, ఒక బల్ల వేసి కూర్చోవాలి. బ్యాడ్జీ పక్కన స్కేలు పెట్టి రెండు వైపులా ఫోటో తీయాలి. ఆ ఫోటో వెంట సైనికుడి పేరు, నంబరు రాసుకుని, బ్యాడ్జీని ఆ కుటుంబానికే తిరిగి ఇచ్చేయాలి.

– ఒక పాఠకుడు