కిటికీలకు కాగితాలు అంటించిన బడి

ప్రియమైన రాఘవా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. ఆలస్యానికి ఏమీ అనుకోకు. పాప ఈ జూన్‌లో ఒకటో తరగతిలో చేరింది. సాయంత్రం గౌను నిండా మట్టితో, ఖాళీ నీళ్ల సీసా ఊపుకుంటూ ఇంటికొస్తుంది. దాన్ని అలా చూసినప్పుడల్లా, ఈ మధ్య నేను చదివిన ముగ్గురు పిల్లలు గుర్తొస్తున్నారు. నీకు చెబితే గాని మనసు కుదుటపడదు.

అమెరికాలో న్యూ ఆర్లియన్స్ ఊరు. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ వేర్వేరు బడులు చెల్లవని అక్కడి సుప్రీంకోర్టు 1954లోనే తీర్పు చెప్పింది కదా, ఆ ఊళ్లో అది అమలు కావడానికి ఆరేళ్లు పట్టింది. అదీ జడ్జి స్కెల్లీ రైట్ పట్టు విడవలేదు కాబట్టి. ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున కలపాలన్నారు. అంటే పెద్దల పంతాల బరువంతా ఆరేళ్ల పసివాళ్ల నెత్తిన పడింది! నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే. తెల్లవాళ్ల బడుల్లో చేరతామని నల్లపిల్లల తరఫున వందకు పైగా దరఖాస్తులు వస్తే, పరీక్షలు పెట్టి వడపోశారు. చివరికి 1960 నవంబరు 14న ఆ బడుల్లో అడుగుపెట్టింది నలుగురు ఆడపిల్లలు.

రూబీ బ్రిడ్జెస్ పేరు నువ్వు వినే ఉంటావు. తీర్పు వచ్చిన ఏడాదే పుట్టిన పిల్ల. ఆమె ఒక్కతే విలియం ఫ్రాంట్జ్ బడికి వెళ్లింది. అదే రోజు లియోనా టేట్, గెయిల్ ఎటియెన్, టెస్సీ ప్రెవోస్ట్ ఫెడరల్ మార్షళ్ల (కేంద్ర ప్రభుత్వ రక్షక అధికారుల) వెంట మెక్‌డొనా 19వ నంబరు బడి మెట్లెక్కారు. వీధిలో జనాన్ని చూసి ఆ ఊళ్లో జరిగే మార్డి గ్రా పండుగ ఊరేగింపు వస్తోందనుకుందట లియోనా. ఆ అరుపులు తన మీదేనని ఆరేళ్ల పిల్లకు ఎలా తెలుస్తుంది?

తెల్లవాళ్లు వచ్చి తమ పిల్లల్ని తీసుకుపోయారు. అంత పెద్ద బడిలో ఈ ముగ్గురే మిగిలారు, ఏడాదికి పైగా! బయటివాళ్ల కంట పడకుండా కిటికీలకు కాగితాలు అంటించారు. మంచినీళ్ల కుళాయిలు కట్టేశారు. తిండి ఇంటి నుంచే తెచ్చుకోవాలి. ఆరుబయట ఆట లేదు, విరామంలో మెట్ల కిందే ఆడుకునేవారు. బెంచీలన్నీ ఖాళీ. పాప గౌను ఉతుకుతుంటే, ఆ పిల్లల బట్టలకు మట్టి అంటిందే లేదు కదా అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి.

లియోనా పెద్దయ్యాక పట్టుబట్టి ఆ బడి భవనాన్నే సంపాదించింది. ముగ్గురి పేర్లూ పెట్టి 2022లో తెరిచారు. అందులో వృద్ధులకు ఇళ్లు కూడా ఉన్నాయి.

నీ అయిదో తరగతి పిల్లలకు రూబీ కథ చెబుతానన్నావు. మిగిలిన మూడు పేర్లు కూడా బోర్డు మీద రాయించు. వాళ్లు ఏమడిగారో నాకు రాయి.

పాప వచ్చే వేళయింది. వదినను అడిగానని చెప్పు.

నీ
సుధాకర్