గ్లాసులో తేలిన మడ్డి ఎక్కడిది?

సంపాదకులకు నమస్కారం.

నీటి శుద్ధి యంత్రాలు అమ్మే యువకుడొకరు గత వారం మా ఇంటికి వచ్చి, ఒక గ్లాసులో మా కుళాయి నీళ్లు, మరొక గ్లాసులో ఆర్‌ఓ నీళ్లు పోసి, రెండింటిలోనూ లోహపు కడ్డీలు ముంచి కరెంటు పెట్టారు. రెండు నిమిషాల్లో కుళాయి నీళ్లు తుప్పు రంగుకు తిరిగి, పైన నురగ, అడుగున మడ్డి చేరాయి; ఆర్‌ఓ గ్లాసు తేటగానే ఉంది. "మీరు రోజూ తాగుతున్నది ఇదేనండీ" అని ఆయన అనగానే ఇంట్లోవాళ్లు హడలిపోయారు.

ఆర్‌ఓ గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ కరెంటు పెట్టమన్నాను. అదీ తుప్పు రంగుకే తిరిగింది.

లోహపు తీగలో విద్యుత్తును మోసేవి స్వేచ్ఛగా కదిలే ఎలక్ట్రాన్లు. నీటిలో ఆ పని చేసేవి కరిగిన లవణాల నుంచి విడివడిన అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు. కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్ వంటివి కుళాయి నీటిలో సహజంగానే ఉంటాయి కనుక కరెంటు పారి, ధన ధ్రువమైన ఇనుప కడ్డీ కరిగి, ఐరన్ హైడ్రాక్సైడ్‌గా మడ్డి కడుతుంది. అంటే ఆ మురికి ఆయన తెచ్చిన కడ్డీదే. లవణాలు తీసేసిన ఆర్‌ఓ నీటిలో కరెంటు పెద్దగా పారదు, కడ్డీ కరగదు.

ఆ యువకుడు ఆ తర్వాత జేబులోంచి తీసిన టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం ఘనపదార్థాలు) మీటరుదీ ఇదే సూత్రం. నీరు కరెంటును ఎంత పారనిస్తుందో కొలిచి, దాన్ని ఒక స్థిర గుణకంతో హెచ్చించి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చూపుతుంది. చక్కెర నీటిలో కరిగినా అయాన్లుగా విడిపోదు కనుక మూడు చెంచాలు కలిపినా అంకె పెరగదు. పురుగుమందుల అవశేషాలు, సూక్ష్మజీవులు కూడా దానికి చిక్కవు. ఫ్లోరైడ్ అయానే అయినా, వందల మిల్లీగ్రాముల ఇతర లవణాల మధ్య దాన్ని మీటరు వేరుచేసి చెప్పలేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే హానికరమైన ఆ ఫ్లోరైడే నల్లగొండ పల్లెల్లో తరాల తరబడి ఎముకలు వంచింది. మొత్తం లవణాలకు మాత్రం భారతీయ ప్రమాణం 500 వరకు సమ్మతించి, వేరే నీటి వనరు లేనిచోట 2000 దాకా అనుమతిస్తోంది.

ఆర్‌ఓ యంత్రమే వద్దని నా వాదన కాదు. ఉప్పు బోరు నీళ్లు తప్ప దిక్కులేని ఇళ్లకు అది అవసరమే. అయితే కొనుగోలుదారులను బెదిరించే ఈ కడ్డీల ప్రదర్శనను వినియోగదారుల వ్యవహారాల శాఖ అడ్డుకోవాలని, నీటి నమూనాను ఏ ప్రయోగశాలలో ఎలా పరీక్ష చేయించుకోవచ్చో మీ పత్రిక జిల్లాలవారీగా ప్రచురించాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, ఖమ్మం