మొక్కలు నాటితే హరిత రసాయనశాస్త్రం అయిపోతుందా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో హరిత రసాయనశాస్త్రంపై వచ్చిన వ్యాసం చదివి నాలుగు రోజులైంది, ఇంకా మనసు కుదుటపడలేదు. ఫ్యాక్టరీ చివర శుద్ధి ప్లాంటు, చుట్టూ పచ్చని చెట్లు, వ్యాసమంతా ఇవే. హరిత రసాయనశాస్త్రానికి 1998లో రసాయన శాస్త్రవేత్తలు పాల్ అనస్టాస్, జాన్ వార్నర్ రాసిన 12 సూత్రాల్లో మొట్టమొదటిదే వ్యర్థం అసలు పుట్టకుండా చూడమని. ఆ మాట ఒక్కచోటైనా రాయలేదు.

నొప్పి మాత్ర ఇబుప్రొఫెన్‌నే తీసుకోండి. పాత పద్ధతిలో ఆరు స్టెప్పులు. లెక్క ప్రకారం వేసిన పదార్థాల బరువులో 40 శాతమే మందులోకి చేరేది. తర్వాత వచ్చిన మూడు స్టెప్పుల పద్ధతిలో అది 77 శాతం. ఇందులోనూ హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాడతారు, అది ప్రమాదకరమే, కాదనను. కానీ దాన్ని పట్టి మళ్లీ మళ్లీ వాడుకుంటారు. పాత పద్ధతిలో అల్యూమినియం క్లోరైడ్ ఒక్కసారి వాడితే ఇక వ్యర్థమే.

మందుల తయారీలో కిలో సరుకుకు 25 నుంచి 100 కిలోలు, ఒక్కోసారి అంతకు మించీ వ్యర్థం వస్తుందని రసాయన శాస్త్రవేత్త రోజర్ షెల్డన్ 1992లోనే లెక్క చెప్పారు. అందులో పెద్ద వాటా సాల్వెంట్లదే, అంటే పదార్థాలను కరిగించే ద్రవాలదే. మన అధికారులు మాత్రం గొట్టం చివర శాంపిల్ పట్టుకుని వెళ్లిపోతారు. ఈ చర్యకు డైక్లోరోమీథేన్ లాంటి హానికర సాల్వెంట్ ఎందుకు, ఇథనాల్‌లోనో నీళ్లలోనో జరగదా అని అడిగిన అధికారిని నేనింతవరకు చూడలేదు.

చదువులు ఇంకా అన్యాయం. పాతికేళ్లుగా ఆర్గానిక్ ల్యాబ్‌లో పాఠం చెబుతున్నాను. ఎసిటనిలైడ్ బ్రోమినేషన్‌కు, అంటే ఆ పదార్థానికి బ్రోమిన్‌ను జోడించే ప్రయోగానికి, ఇప్పటికీ ద్రవ బ్రోమిన్ సీసా తెరిపిస్తున్నాం, పిల్లలు దగ్గుతూ బయటికి పరిగెడుతున్నారు. పొటాషియం బ్రోమైడ్, సెరిక్ అమోనియం నైట్రేట్‌తో, నీళ్లు కలిపిన ఇథనాల్‌లో అదే పదార్థం వస్తుంది. ఆ సీసా ముట్టుకునే పనే లేదు. మారుద్దామని అడిగితే సిలబస్‌లో లేదన్నారు. సిలబస్ రాసేవాళ్లు ల్యాబ్‌లో ఒక్కరోజు నిలబడితే తెలుస్తుంది. పరీక్షలో మార్కులన్నీ యీల్డ్‌కే, అంటే రావాల్సిన సరుకులో ఎంత శాతం వచ్చిందన్నదానికే. 90 శాతం యీల్డ్ తెచ్చినవాడు సింక్‌లో ఎంత పారబోశాడో ఎవరికీ పట్టదు.

ఈసారి ఇలాంటి వ్యాసం వేసే ముందు ఫ్లాస్కు పట్టినవాళ్లతో ఒకసారి మాట్లాడండి. విద్యార్థుల రికార్డులో యీల్డ్ పక్కనే వ్యర్థం ఎంతో రాసే గడి పెట్టాలని సిలబస్ కమిటీలను మీ పత్రిక తరఫున అడగండి.

ఇట్లు,
ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు